చేసుకున్నవాడికి చేసుకున్నంతేనా?

మనకొక సామెత ఉన్నది: చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అని. దీన్ని పండితులూ వాడతారు, పామరులూ వాడతారు. జూదంలో ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి గురించి వాడతారు, తాగి కాలవలో పడ్డవాణ్ణి గురించి వాడతారు. ఇది ఎంత సులువుగా నోటికి వస్తుందంటే, ఇందులో ఒక నీతిసిద్ధాంతమంతా ఇమిడి ఉన్నదన్న సంగతి మనకు తట్టదు. నాకూ తట్టలేదు. కొన్నేళ్ల క్రిందట ఒక ఆస్పత్రి వరండాలో ఒక స్త్రీ నోట విన్నప్పుడు తట్టింది.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే కుర్రవాడొకడు ఒక రాత్రి ఇంట్లో ఉన్న మందేదో ప్రాణం మీదికి వచ్చేంత మింగాడు. నాకు కబురంది నేను వెళ్లేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికే ఊపిరికి గొట్టం అమర్చారు. "ఈ మందు రక్తాన్ని వడకడితే దిగుతుంది, డయాలిసిస్ మీద పెడుతున్నాం," అన్నాడు డ్యూటీ డాక్టరు. తెల్లవారుజామున మూడింటికి కుర్రవాణ్ణి యంత్రానికి తగిలించారు. ఉదయం ఆరింటికి ఆ యంత్రం మీద ఉండవలసినవాడు మరొకడు. ఉద్దానం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే కొబ్బరితోట కూలీ. రెండు మూత్రపిండాలూ పాడైపోయినవాడు. అతన్ని మధ్యాహ్నం దాకా ఆగమన్నారు. అతను ఏమీ అనలేదు, గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అన్నది అతని భార్య.

"మా ఇంటాయన ఏ పాపం చేసినాడని బాబూ ఈ రోగం? ఆ పిల్లడు కావాలని మింగినాడు. చేసుకున్నోడికి చేసుకున్నంత అంటారు గదా. మరి చేసుకోనోడికేటి బాబూ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పక్కనే ఉన్న కుర్రవాడి తండ్రి తల వంచుకున్నాడు. నీతి గురించి పాఠాలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. అయినా ఆ ప్రశ్న ముందు నా దగ్గర ఉన్నదల్లా "మధ్యాహ్నానికి అయిపోతుందిలే అమ్మా" అన్న మాట ఒక్కటే. అది ఓదార్పే కాని జవాబు కాదు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

ముందు ప్రశ్నను స్పష్టం చేసుకోవాలి. తన ప్రాణానికి తానే హాని తలపెట్టినవాడికి, నలుగురి సొత్తయిన వైద్యంలో మిగతావారితో సమానమైన హక్కు ఉన్నదా? లేదనేవారు రెండు రకాలు. కర్మసిద్ధాంతం నమ్మేవాడు, ఫలితం అనుభవించవలసిందే అంటాడు. లెక్కలు వేసేవాడు, ప్రజల డబ్బు అర్హులకు ఖర్చుపెట్టాలి అంటాడు. వెనకటివాడు పూర్వజన్మను సాక్ష్యానికి పిలిచేవాడు, ఇప్పటివాడు పన్ను కట్టేవాణ్ణి పిలుస్తాడు. ఇద్దరి తీర్పూ ఒకటే. మూడోరకం జవాబు మన శిబిరంలోనే ఉన్నది. దాని సంగతి చివర చెబుతాను.

ఇంతకూ ఆ యంత్రం చేసే పని ఏమిటి? సన్నని రంధ్రాలున్న పొరకు ఒకవైపు రక్తం, మరొకవైపు శుద్ధమైన లవణజలం పారతాయి. రక్తంలో ఉన్న చిన్న కణాలు పొర దాటి నీటిలోకి పోతాయి. రక్తకణాలు, మాంసకృత్తులు పెద్దవి గనక ఇవతలే ఉండిపోతాయి. ఇట్లా వేరుచేసే పద్ధతికి 1861లో డయాలిసిస్ అని పేరు పెట్టినవాడు థామస్ గ్రాహం అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు. ప్రాణమున్న జంతువు రక్తాన్ని బయటికి తెచ్చి, వడకట్టి, మళ్లీ ఒంట్లోకి పంపవచ్చునని 1913లో అమెరికాలో జాన్ ఏబెల్, ఆయన సహచరులు నిరూపించారు. బయటికి తీసిన రక్తం గడ్డకట్టకుండా వారు జలగల నోటినుంచి తీసిన పదార్థం వాడారు. కుక్కల రక్తంలోకి సాలిసిలేటు ఎక్కించి, దాన్ని పొర ద్వారా తిరిగి రాబట్టారు. అది ఆస్పిరిన్ జాతి మందు. అంటే ఈ యంత్రం పుట్టిననాడే దానికి పెట్టిన పరీక్షల్లో ఒకటి, ఒంట్లోకి పోయిన మందును బయటికి తీయగలదా అన్నది. 1964లో గ్రీసు వైద్యుడు యాట్జిడిస్ మరో మార్గం చూపాడు. రక్తాన్ని బొగ్గుపలుకుల గుండా పోనిస్తే విషం బొగ్గుకు అంటుకుంటుంది.

ఈ వడపోతకు హద్దులున్నాయి. మందు కణం చిన్నదై ఉండాలి. అది రక్తంలోని మాంసకృత్తులను గట్టిగా పట్టుకొని ఉండకూడదు. కొవ్వులోకీ కండలోకీ ఇంకిపోకుండా రక్తంలో తగినంత మిగలాలి. లిథియం, సాలిసిలేట్లు, కల్తీసారాలో ఉండే మిథనాలు దిగుతాయి. రైతు తాగే పురుగుమందుల్లో చాలావాటి మీద ఈ యంత్రం పనిచేయదు. చెప్పవచ్చేదేమంటే, జల్లెడ ఎంచేది కణం పరిమాణాన్ని. ఆ కణం పొరపాటున లోపలికి పోయిందా, కావాలని పోయిందా అన్నది దానికి పట్టదు. పట్టేది మనకు. ఆ పట్టింపు వైద్యంలోకి ఎట్లా వస్తుందో చూడాలంటే ఈ యంత్రం చరిత్రలోకే వెళ్లాలి.

1940 మే నెలలో జర్మన్ సైన్యం హాలెండ్‌ను ఆక్రమించింది. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యశాఖకు అధిపతి పోలాక్ డేనియల్స్ యూదుడు. ఆయనా, ఆయన భార్యా ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన స్థానంలోకి నాజీ పక్షపాతి వచ్చాడు. అతని కింద పనిచేయడానికి మనసొప్పక విలెమ్ కోల్ఫ్ అనే యువ వైద్యుడు కాంపెన్ అనే చిన్న పట్టణానికి వెళ్లిపోయాడు. పరాయి సైన్యం పహరాలో, వస్తువులు దొరకని కాలంలో, సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి, ఊళ్లోని ఎనామిల్ కర్మాగారం సాయంతో తొట్టి చేయించి, మనుషులకు పనికివచ్చే కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. పోలాక్ డేనియల్స్ విషయంలో చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఎవరైనా అనగలరా? ఆ చావు ఆయన చేతిమీదుగానే జరిగింది. కాని దానికి కర్త ఆయన కాడు. ఫాసిజం ఇంటి గుమ్మంలోకి వచ్చినప్పుడు మనిషి తీసుకున్న నిర్ణయాన్ని ఆ మనిషి ఖాతాలోనే రాయడం చరిత్ర తెలియనివాడి పని. ఇది మనం సులభంగానే ఒప్పుకుంటాం. ఎందుకంటే అక్కడ గుమ్మంలో నిలబడ్డ సైన్యం మన కంటికి కనిపిస్తున్నది. అప్పులవాడు, పరీక్షాఫలితాల జాబితా, కులం పేరుతో చేసిన అవమానం గుమ్మంలోకి వచ్చినప్పుడు యూనిఫారం వేసుకొని రావు. అందుకని కనిపించవు.

కోల్ఫ్ కథలో రెండో ఘట్టం ఇంతకంటె కష్టమైనది. 1943 నుంచి ఆయన ఈ యంత్రంతో చికిత్స చేసిన పదిహేను పదహారుమందిలో దాదాపు అందరూ చనిపోయారు. 1945 సెప్టెంబరులో వచ్చిన 67 ఏళ్ల స్త్రీ, యంత్రం వల్లనే బతికిందని నిస్సంశయంగా చెప్పదగిన మొదటి మనిషి. ఆమె ఎవరు? నాజీలను సమర్థించి, దేశం విముక్తమైన తర్వాత జైలులో ఉన్న మనిషి. ఆమె బతకాలని కోరుకునేవారు ఆ ఊళ్లో ఎక్కువమంది ఉండి ఉండరు. తన గురువును చావుకు నెట్టిన సిద్ధాంతాన్ని మోసిన మనిషి రక్తాన్ని కోల్ఫ్ గంటల తరబడి వడకట్టాడు. ఆమె కళ్లు తెరిచింది. మరికొన్ని ఏళ్లు బతికింది.

ఇది మనబోటి వాళ్లకు పరీక్ష. కోల్ఫ్ చేసింది తప్పని మనలో కొందరికైనా అనిపించవచ్చు. కాని ఆయన ఆమెను క్షమించలేదు, సమర్థించలేదు. శిక్ష న్యాయస్థానం చూసుకోవలసిన పని, ప్రాణం తాను చూసుకోవలసిన పని అనుకున్నాడు. ఈ రెంటినీ కలిపితే ఏమవుతుందో ఆ కాలమే చూపింది. 1939కీ 1941కీ మధ్య జర్మనీలో డెబ్భైవేలమందికి పైగా వికలాంగులను, మానసిక రోగులను బతకదగని బతుకులుగా ఎంచి చంపారు. ఆ ఎంపిక చేసింది డాక్టర్లే. ఎవరు బతకడానికి అర్హులు అన్న ప్రశ్న ఆస్పత్రిలోకి రానిస్తే అది ఎంతదూరం పోగలదో ఇదే సాక్ష్యం. కోల్ఫ్ ఆ ప్రశ్నను గుమ్మం బయటే ఆపాడు. ఫాసిజానికి అది సరైన జవాబని నేను అనుకుంటున్నాను.

అది నియంతల సంగతి, ప్రజాస్వామ్యంలో అట్లా జరగదు అనుకోకూడదు. 1960 దాకా ఈ యంత్రం తాత్కాలికావసరాలకే పనికివచ్చేది. ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోయవలసి రావడమే ఇందుకు కారణం. కనుక అది విషం మింగినవాడి వంటివారికే దక్కేది, ఉద్దానం కూలీ వంటివాడికి కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రక్తనాళాల్లో శాశ్వతంగా ఉంచదగిన గొట్టం కనిపెట్టడంతో, మూత్రపిండాలు పూర్తిగా పోయినవారిని కూడా ఏళ్ల తరబడి బతికించడం సాధ్యమైంది. అయితే యంత్రాలు కొన్ని, రోగులు అనేకులు. ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో ఒక కమిటీ ఏర్పడింది. ఒక లాయరు, ఒక మతగురువు, ఒక బాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక సర్జను, ఒక కార్మిక నాయకుడు. రోగి వయసు, సంసారం, ఆదాయం, చదువు, ఉద్యోగం, ఇంతవరకు సంఘానికి ఏం చేశాడు, ఇకముందు ఏం చేయగలడు అన్నవి చూసి వారు తేల్చేవారు. 1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ ఈ సంగతి రాసేదాకా బయట ఎక్కువమందికి తెలియదు.

ఆ ఏడుగురూ దుర్మార్గులు కారు. వారిలో కార్మిక నాయకుడూ ఉన్నాడని మరచిపోవద్దు. అయినా మంచివారే కూచొని మనుషులకు విలువ కట్టవలసివస్తే, తమబోటివారి బతుకుకే ఎక్కువ విలువ కడతారు. స్థిరమైన ఉద్యోగం, కుదురైన సంసారం, బాంకులో నిలవ ఉన్నవాడు నెగ్గుతాడు. మనసు చెదిరి మందు మింగినవాడు ఆ గుమ్మం కూడా తొక్కలేడు.

తర్వాత ఏమైంది? 1972లో అమెరికన్ కాంగ్రెసు ఒక చట్టం చేసి, మూత్రపిండాలు పోయినవారి డయాలిసిస్ ఖర్చును దాదాపు అందరి విషయంలోనూ ప్రభుత్వం భరించేటట్టు చేసింది. యంత్రాలు పెరిగాయి. అటువంటి కమిటీలతో పని లేకపోయింది. ఎవరు అర్హులు అన్న గంభీరమైన నైతిక సమస్య ఏ తత్త్వవేత్తా పరిష్కరించకుండానే మాయమైంది. బడ్జెటు పద్దు మారితే మాయమయ్యేది నైతిక సమస్య ఎట్లా అవుతుంది? అది మొదటినుంచీ కొరత సమస్య. నీతివేషం వేసుకొని తిరిగింది, అంతే.

ఇప్పుడు ఆ వరండాలోకి తిరిగి వద్దాం. ఆ స్త్రీ కోపం న్యాయమైనది. ఆమె భర్త కాలం యంత్రం మీద గంటలతో కొలవబడుతున్నది. దానిలో ఆరుగంటలు ఎవరో తీసుకున్నారు. కాని ఆ కోపం చేరవలసిన చిరునామా మంచం మీది కుర్రవాడు కాడు. ఇద్దరికి ఒక యంత్రం ఎందుకున్నదన్నది అడగవలసిన ప్రశ్న. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2016లో జిల్లా ఆస్పత్రుల్లో పేదలకు ఉచితంగా డయాలిసిస్ చేసే జాతీయ కార్యక్రమం వచ్చింది. ఇవి ఎవరో దయతో ఇచ్చినవి కావు, జనం అడగగా అడగగా వచ్చినవి. పేదవాళ్లిద్దరు ఒక మంచం కోసం ఒకరినొకరు అర్హత అడుగుతున్నంతకాలం మూడో మనిషి హాయిగా నిద్రపోతాడు.

అయితే ఆ రాత్రి ఉన్న యంత్రం అదొక్కటే గదా, ఆ రాత్రికి ఏం చేయాలి అని అడగవచ్చు. ఈ ప్రశ్నను వ్యవస్థ మీదికి నెట్టి తప్పించుకోకూడదు. ఆ డాక్టరు చేసిందే సరైనది. ఆయన రెండు సంగతులు చూశాడు: ఎవరికి ముందు ప్రమాదం, ఎవరికి యంత్రం నిజంగా మేలు చేస్తుంది అని. కూలీ మధ్యాహ్నం దాకా ఆగగలడు, కుర్రవాడు ఆగలేడు. అది అవసరాన్ని బట్టి చేసిన నిర్ణయం, యోగ్యతను బట్టి కాదు. కుర్రవాడు ఆగగలిగి కూలీ ఆగలేకపోతే యంత్రం కూలీదే కావాలి. ఇద్దరూ సమానంగా ఆగలేని స్థితిలో ఉంటే? అప్పుడు ముందు వచ్చినవాడికో, చీటీ వేస్తే వచ్చినవాడికో ఇవ్వడం కంటె మంచిమార్గం నాకు తోచదు. అదీ క్రూరమే. కాని చీటీ ఎవర్నీ అవమానించదు.

మిగిలింది "కావాలని" అన్న మాట. తన చేతులారా తెచ్చుకున్నవాడూ, ఏ పాపం ఎరగనివాడూ అని మనుషులను రెండుగా విడదీయవచ్చునన్న నమ్మకం ఈ మాటలో ఉన్నది. విడదీయగలమా? ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి అసలు కారణం ఏమిటన్నది ఏళ్ల పరిశోధన తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. అనుమానించిన వాటిలో తాగేనీరు ఉన్నది, ఎండలో చాకిరీ ఉన్నది, పురుగుమందులున్నవి. ఒళ్లునొప్పులకు అదేపనిగా మింగే మాత్రలు కూడా ఉన్నవి. ఆ చివరి అనుమానాన్ని ఆ స్త్రీ ముందు పెట్టి, "చూశావా అమ్మా, మీ ఆయన కూడా చేసుకున్నవాడే" అనేవాడు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు. అప్పుడామె ఏమంటుంది? మాత్ర వేసుకోకపోతే మర్నాడు పనికి వెళ్లలేడు బాబూ, వెళ్లకపోతే పొయ్యి వెలగదు, అంటుంది. ఆ మాట నిజం. ఆ కుర్రవాడి వెనక కూడా అటువంటి మాట ఒకటి ఉన్నది. అది వినిపించుకోనంతవరకే అతను "కావాలని" చేసినట్టు కనిపిస్తాడు. ఈ సామెత కత్తి వంటిది. పక్కవాడి మీదికి ఎత్తిన చేతిలోనుంచి జారి మన మీదనే పడుతుంది. కల్తీసారా తాగి చూపు పోయినవాణ్ణి అది నరుకుతుంది, ఆ సారా అమ్మి మేడ కట్టినవాణ్ణి తాకదు. ఎప్పుడూ కిందివాడికే తగిలే నీతి నీతి కాదు, అదుపు.

క్షీరసాగరం చిలికిన కథలో దేవతలూ రాక్షసులూ అందరూ తాడు పట్టుకున్నారు. అమృతం కోసం కొట్లాట జరిగింది, హాలాహలం మాత్రం ఒక్కడు మింగాడు. శివుడు గనక గొంతులో నిలుపుకోగలిగాడు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు నిలుపుకోలేడు.

మన దేశంలో చట్టం కూడా ఈ సామెతను వదిలించుకోవడానికి చాలాకాలం పట్టింది. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు పెట్టింది. చావలేకపోయినందుకు శిక్ష! పోలీసు కేసంటే భయపడి వైద్యం నిరాకరించే డాక్టర్లుండేవారు. ముందు ప్రాణం కాపాడండి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పవలసివచ్చింది. 1994లో అదే కోర్టు 309 రాజ్యాంగవిరుద్ధమన్నది. ఆ కేసులో పిటిషనర్లలో ఒకరు నాగభూషణ్ పట్నాయక్. 1996లో కోర్టు మాట మార్చి సెక్షనును నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. అంతేకాదు, అటువంటి మనిషికి చికిత్స, సంరక్షణ, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రం అందులో నేరంగానే ఉన్నది. అంటే నిరసన తెలిపేవాడి మీద సామెతను ఇంకా పూర్తిగా ఎత్తివేయలేదన్న మాట.

ఇక మూడో జవాబు. ఆ రోజుల్లోనే మా సహాధ్యాపకుడు, మంచి చదువరి, నాతో అన్నాడు: "ఒక్కణ్ణి వడకట్టి బతికించారు, సరే. వాణ్ణి మింగేటట్టు చేసిన సంఘం అట్లాగే ఉన్నది గదా. వ్యవస్థ మారనిదే ఇవన్నీ పైపూతలు." ఇది మన శిబిరంలో తరచు వినిపించే మాట. వినడానికి విప్లవాత్మకంగా ఉంటుంది. నిజానికి ఇది కూడా ఆ సామెత పెట్టిన పిల్లే. చేసుకున్నవాణ్ణి సామెత వదిలేస్తుంది, వ్యవస్థ చేసినవాణ్ణి ఈ మాట వదిలేస్తుంది. మంచం మీదివాడికి రెండూ ఒకటే.

1940లలో డెన్మార్క్‌లో నిద్రమందులు అతిగా మింగి ఆస్పత్రికి వచ్చినవారిలో నూటికి సుమారు ఇరవైమంది చనిపోయేవారు. 1949లో కోపెన్‌హాగెన్‌లోని ఒక ఆస్పత్రిలో కార్ల్ క్లెమెసెన్ అనే మానసిక వైద్యుడు ఇందుకోసం ప్రత్యేక కేంద్రం పెట్టాడు. ఉత్తేజక మందులు పొడవడం మానేసి, ఊపిరి ఆడేట్టు చూడటం, రక్తపోటు నిలపడం, రోగిని అటూ ఇటూ పొర్లించడం, రాత్రింబవళ్లు పక్కన కనిపెట్టుకొని ఉండటం, వీటినే పద్ధతిగా చేశారు. చనిపోయేవారు నూటికి ఒకరిద్దరికి దిగారు. చాలామంది విషయంలో యంత్రంతో పని కూడా లేకపోయింది. డెన్మార్క్ సాంఘిక వ్యవస్థ ఆ కొద్ది ఏళ్లలో తలకిందులు కాలేదు. నూటికి పద్దెనిమిదిమంది మనుషులు మాత్రం మిగిలారు. వ్యవస్థను మార్చవలసినవారు బతికున్న మనుషులే.

అయితే మా మిత్రుడి మాటలో పాలు నిజం ఉన్నది. దాన్ని డాక్టరే నాకు వేరే విధంగా చెప్పాడు. యంత్రం ఆపిన తర్వాత కూడా రోగిని గమనిస్తూనే ఉండాలట. కొన్ని మందుల విషయంలో, రక్తం శుభ్రపడ్డాక కండల్లోనూ కొవ్వులోనూ దాగిన విషం మెల్లగా మళ్లీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు మళ్లీ వడకట్టవలసి రావచ్చు. బతికి ఇంటికి వెళ్లిన మనిషి విషయమూ అంతే. అవే గోడలు, అవే మాటలు, అదే అప్పు. పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని 2017 చట్టం అన్నది ఇందుకే. చట్టంలో ఆ మాట ఉన్నంతమాత్రాన కుర్రవాడి ఇంటి తలుపు ఎవరూ తట్టరు. తట్టేటట్టు చేయడం మన పని. ఉపాధ్యాయులుగా మనం అంతకంటె ముందే తట్టవచ్చు.

ఆ కుర్రవాడు మూడోనాడు కళ్లు తెరిచాడు. నన్ను చూసి, "క్షమించండి సార్," అన్నాడు. ఆ మాట ఎవరు ఎవరితో అనవలసినదో నాకు ఇంకా సందేహంగానే ఉన్నది. అంతకు నెలరోజుల ముందు అతను వరసగా నాలుగురోజులు క్లాసుకు రాకపోతే నేను హాజరుపట్టీలో సున్నలు చుట్టానే గాని, ఎందుకు రాలేదని అడగలేదు.

ఉద్దానం కూలీకి ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు యంత్రం దొరికింది. అతని భార్య సాయంత్రం వెళ్లిపోతూ కుర్రవాడి తండ్రి దగ్గర ఆగి, "పిల్లడు లేచినాడా?" అని అడిగింది. ఇంకా లేదన్నాడాయన. "లేస్తాడులే బాబూ," అని వెళ్లింది. పొద్దున ఆమె అన్నది సామెత. సాయంత్రం అన్నది తన సొంతమాట.